నల్లజీడి గుర్తు

మంగళవారం సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు, హిందూపురం పారిశ్రామికవాడలోని విదేశీ బయ్యర్లకు కుట్టే ఒక దుస్తుల ఫ్యాక్టరీ గేటు దగ్గర, సల్మా టిఫిన్ సంచిలో ఒక జుబ్బా దొరికింది. తెల్లది. అప్పుడే పుట్టిన బిడ్డ కొలత. ఆడవాళ్ల సంచులు చూసే గార్డు ప్రమీలమ్మ దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుంది. సల్మా వెనక వరుసలో ఎనభై మంది నిలబడి ఉన్నారు.

పెనుకొండలో సల్మా అత్త రాబియాకు ఈ సంగతి ఏడుంబావుకు తెలిసింది. ఆమె అప్పుడు కాలి మిషన్ మీద ఒక లంగా అంచు మడిచి కుడుతోంది. సల్మా వచ్చి చెప్పులు విప్పకుండా గడప మీద కూర్చుంది. ఆమెకు తొమ్మిదో నెల.

“సంచి యాడమే?” అంది రాబియా తలెత్తకుండా.

“ఆడనే పెట్టుకున్నారు.”

“టిఫిన్ సంచి పెట్టుకోని వాళ్లేం చేసుకుంటారు?”

“దాంట్లో జుబ్బా ఉండె అత్తా.”

రాబియా అరచేత్తో మిషన్ చక్రాన్ని ఆపింది.

సల్మా చెప్పింది. ప్రసవం సెలవుకు ముందు అదే చివరి దినం. జుబ్బాకు కట్టుకునే దారాలు కుట్టడం ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక, పక్క మిషన్ భానుతో మాట్లాడుతూ ఆ నాలుగు దారాలు చేత్తో కుట్టింది. మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకుంది. గేటు దగ్గర ప్రమీలమ్మ తీసింది. క్వాలిటీ చూసే మాధవీలత మేడాన్ని పిలిపించారు.

“మేడం గుడ్డను బుగ్గకు ఆనించుకొని సూసె. ఇది మన బయ్యర్ గుడ్డే అనె. కుట్టు సూసి, ఇంటి మిషన్ మీద ఇట్ల రాదు అనె.”

“రాదనెనా?” అని రాబియా తన మిషన్ వైపు చూసింది.

“మా అత్త మిషనే మేడం అని చెప్పినా. ఇనలేదు. సెలవు కాయితం టేబుల్ మీదే ఉండె, సంతకానికి. ఆఫీసు సూసే నరేష్ సార్ దాన్ని తీసి సొరుగులో పెట్టేసె. విచారణ కావాల్నంట.”

ఆ ఫ్యాక్టరీలో ఒక నియమం ఉంది. సొంత వస్తువు ఏది లోపలికి తెచ్చినా గేటు రిజిస్టర్లో రాయించాలి. సెల్‌ఫోన్, గొడుగు, మందుల సీసా, అన్నీ రాస్తారు. ఆరేళ్లుగా సల్మా అన్నీ రాయించింది. జుబ్బా రాయించలేదు.

“ఎందుకు రాయించలేదుమే?”

“బిడ్డ పుట్టకముందే బిడ్డ బట్ట పేరు కాయితంలో రాయిస్తారా అత్తా ఎవరన్నా?”

రాబియా పై అటక వైపు చూడలేదు. పోయినసారి ఏడో నెలలోనే కొన్న ఊయల, ఏ బిడ్డనూ పడుకోబెట్టకుండానే, ఆ అటక మీద గోనెపట్టాలో చుట్టి ఉంది. ఈసారి ఇంట్లో ఎవరూ ఏమీ కొనలేదు. కొన్నది కాదు కాబట్టే పాత గుడ్డ ఒక్కటి ఇంట్లోకి వచ్చింది. కోట కింది వీధిలో ఉండే తొంభై ఆరేళ్ల ఈరప్పను అడిగి, ఆయన కట్టి విడిచిన నూలు పంచె తెచ్చింది రాబియా. నిండుగా బతికినవాళ్ల గుడ్డే బిడ్డకు మొదట తగలాలని ఆమె అవ్వ నాటి నుంచి ఆ ఇంటి పద్ధతి. పంచె నుంచి ఒక్క జుబ్బా కత్తిరించారు. మిగిలింది బిడ్డను చుట్టడానికి దాచారు. పుట్టిన ఏడో దినం తొడిగే మొదటి కుట్టుబట్ట ఆ జుబ్బానే.

“దొంగ అన్నారా?” అంది రాబియా.

“మేడం అనలేదు. నరేష్ సార్ అనలేదు. లైన్లో యెనక ఎవరో అన్నారు.”

రాబియా లేచి కోడలి చెప్పులు తనే విప్పింది.

*

బుధవారం ఉదయం పదకొండు ఇరవైకి పెనుకొండ సర్కారు ఆసుపత్రిలో సల్మాకు ఆడబిడ్డ పుట్టింది. చెప్పిన తేదీ కంటే మూడు వారాలు ముందు. బరువు రెండు కిలోల మూడు వందల గ్రాములు.

“బట్టలు తెచ్చినారా?” అని నర్సు తలుపు తీసి అడిగింది.

రాబియా చంకలోని పేపరు పొట్లం ఇచ్చింది. అందులో రెండు తెల్లటి గుడ్డలు ఉన్నాయి. వేణ్ణీళ్లలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, బిగించి మడిచినవి. నర్సు ఒకటి విప్పి చేతి మీద పరుచుకుంది.

“ఇది యాడ కొన్నారు?”

“కొన్లేదు సిస్టర్. కొనేది రేపట్నించి.”

నర్సు బిడ్డను చుట్టి తెచ్చింది. రాబియా మొదట ముఖం చూడలేదు. గుడ్డ అంచు పక్కకు జరిపి, కాళ్లు తాకి, వెచ్చగా ఉన్నాయో లేవో చూసింది. తర్వాత ముఖం చూసింది.

*

గురువారం మధ్యాహ్నం సల్మా అన్న రఫీక్ ధర్మవరం నుంచి రైల్లో వచ్చాడు. పట్టుచీరల మగ్గం నేస్తాడు. చంకలో గులాబీ రంగు పెట్టె ఉంది. మూత పారదర్శకంగా ఉండి లోపలున్నవన్నీ కనిపిస్తున్నాయి. ఆసుపత్రి వరండా బెంచీ మీద పెట్టి, “అన్నీ ఇందులోనే ఉండాయంట అత్తా. అంగడాయప్ప సెప్పినాడు. ఇంక ఏమీ కొనే పన్లేదు,” అన్నాడు.

రాబియా పెట్టె మూత తీసింది. ఒక్కొక్కటీ బయటికి తీసి బెంచీ మీద వరసగా పెట్టింది. తొందరపడలేదు.

బూట్లు తీసింది. “ఇవేసుకోని యాడికి నడుస్తాదప్పా? ధర్మవరానికా?”

రఫీక్ నవ్వాడు.

గౌను తీసి, కింద కుచ్చిళ్లుగా ఉన్న వల గుడ్డను తన పై పెదవి మీద రుద్దుకుంది. రఫీక్ చేయి పట్టుకుని అతని మెడ మీద కూడా రుద్దింది. అతను మెడ ముడుచుకున్నాడు. గౌను పక్కన పెట్టింది. పాలసీసా తీసి, “తల్లి ఉండాది కదా,” అని గౌను పక్కనే పెట్టింది. పూవు కుట్టిన తలపట్టీ తీసి తన మణికట్టుకు తొడుక్కుని కూర్చుంది. రఫీక్ టీ తెచ్చాడు. ఇద్దరూ తాగారు. గ్లాసు కింద పెట్టాక పట్టీ తీసి మణికట్టు చూపించింది. ఎర్రగా గీత పడింది.

“మిషన్ పని సేసిన సెయ్యి ఇది. నా సేతికే ఇంత పడింది. ఆ తలకు ఎంత పడాల?”

రఫీక్ పెట్టె వైపే చూస్తున్నాడు. “మూడు అంగళ్లు తిరిగినాను అత్తా,” అన్నాడు.

“తిరిగినట్లుండాది. తప్పు నీది కాదు. వాళ్లు కొనేవాళ్ల కండ్లకు కుడతారు, ఏసుకునేవాళ్లకు కాదు.”

రఫీక్ చొక్కా లోపలి నుంచి ఇంకో పొట్లం తీశాడు. పట్టు ముక్క. మగ్గం మీద చీర దించాక మిగిలిన పడుగుతో నేశానని చెప్పాడు. వంగపండు రంగు, సన్నటి జరీ అంచు. మూర పొడుగు. రాబియా దాన్ని ముట్టుకునే ముందు చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. అంచు తిప్పి వెనకవైపు చూసింది. వెనక ఎక్కడా దారం వేలాడటం లేదు.

“ఇది ఇంట్లో ట్రంకుపెట్టెలో పెడతా. సంవత్సరానికి పావడ కుడతా. అప్పుడు దాని ఒళ్లు జరీని ఓర్సుకుంటాది.” మిగతావన్నీ తిరిగి గులాబీ పెట్టెలో సర్దింది. “ఇది తీసుకుపోయి మార్సు. ఏం కావాల్నో అంగట్లో నిలబడి ఫోన్ చెయ్. నేను సూసి సెప్తా.”

అక్బర్ అప్పుడే వచ్చాడు. సల్మా భర్త. ట్రాలీ ఆటో నడుపుతాడు. పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లాడు. చేతిలో ఒక కాగితం ఉంది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

“రాజీనామా అంట. సల్మా సంతకం పెడితే పోలీసు కంప్లయింటు ఉండదన్నారు. పెట్టకపోతే విచారణ అయ్యేదాకా సెలవు జీతం రాదు.” అతను గోడకు ఆనుకున్నాడు. “పెట్టేద్దామమ్మా. ఇంకో ఫ్యాక్టరీ దొరకదా?”

“దొరుకుతాది. ఈ ఫ్యాక్టరీ ఎందుకు ఇడిసిపెట్టినావని వాళ్లడిగితే ఏం సెప్తాది?”

అక్బర్ కాగితాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

“జుబ్బా అడిగినావా?”

“ఒక్క జుబ్బా కోసమా అమ్మా? ఇంకోటి కుట్టుకో. పంచె ఇంకా ఉండాది కదా.”

రాబియా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. “ఉతికేవాళ్ల గుర్తుండే మూల ఆ జుబ్బాలోనే ఉండాది,” అంది.

*

శుక్రవారం తల్లీబిడ్డలను ఇంటికి తెచ్చారు. శనివారం పదకొండు గంటలకు రఫీక్ ధర్మవరం అంగడి నుంచి వీడియో కాల్ చేశాడు. రాబియా ఫోన్‌ను మిషన్ మీది దారపు రీలుకు ఆనించి నిలబెట్టింది. మంచం మీద సల్మా బిడ్డకు పాలిస్తూ చూస్తోంది.

“టవలు సూపించు. ఆ పచ్చది కాదు. కిందుండేది. లోపలికి తిప్పు.”

“తిప్పినా.”

“దగ్గరికి. ఇంకా దగ్గరికి. నీ ముక్కు కనపడ్తాండాది, టవలు సూపీ.”

వెనక అంగడి ఆయన గొంతు వినిపించింది. “అక్కా, ఇది బిడ్డ తుడిసే టవలా, పెండ్లి పట్టుచీరా?”

“పట్టుచీరయితే నువ్వు సెప్పింది నమ్ముతా గానీ, టవలు కాబట్టే అడుగుతాండా. రఫీకూ, మూల నీళ్లలో తడిపి నీ తెల్ల రుమాలు మీద రుద్దప్పా.”

రఫీక్ తాగే నీళ్ల సీసా తీసి తడిపి రుద్దాడు. రుమాలు మీద నీలం మరక పడింది. రుమాలును అంగడి ఆయనకు చూపించాడు. ఆయన కౌంటరు కింద వంగి అట్టపెట్టె ఒకటి పైకి తెచ్చాడు.

“ఇవి సూపించప్పా మీ అత్తకు. తెల్లవి. ఎవరూ అడగరని కింద పెట్టింటి.”

రాబియా వాటిలో రెండు టవళ్లు ఎంచింది. దోమతెర చూపిస్తే, గొడుగులా కమ్మీలు మడిచేది వద్దంది. నాలుగు మూలలా దారంతో కట్టేదే కావాలంది. పడక మీద వేసే రబ్బరు గుడ్డను ఫోన్ దగ్గర నలిపించి, చప్పుడు విని, వద్దని ఇంకోటి నలిపించింది. రెండోది తీసుకోమంది. స్టీలు ఉగ్గుగిన్నె ముక్కు అంచు మీద మాత్రం వేలు పోనిచ్చి చూడమంది.

“గీరుకుంటాండాదా?”

“లేదత్తా. నున్నగా ఉండాది.”

“నీ ఏలు మగ్గం ఏలు. నమ్మినా. తీసుకో.”

ఫోన్ పెట్టేసే ముందు అంగడి ఆయన తెర మీదికి వంగాడు. “అక్కా, మీది బట్టలంగడా?”

“కాదప్పా. కుట్టేదాన్ని.”

ఆ పెట్టెలో మిగిలిన తెల్ల టవళ్లను ఆయన పై అరలో ముందు వరసలో పెట్టాడని రఫీక్ తర్వాత చెప్పాడు.

*

ఆదివారం పొద్దున రాబియా కోట కింది వీధికి పోయింది. ఈరప్ప అరుగు మీద ఎండకు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. పళ్లు లేవు. ఒలిచినవి పిల్లలకు.

“ఏమ్మే రాబియా, బిడ్డకు నా పంచె సరిపోయెనా?”

“సరిపోయింది తాతా. దాన్తోనే తగువొచ్చింది.” రాబియా అరుగు కింద కూర్చుని చెప్పింది.

ఈరప్ప ఒలవడం ఆపాడు. “నా పంచె సీమదొరల గుడ్డంత ఉండాదన్నెనా ఆ మేడం?”

“బుగ్గకు ఆనించుకొని సూసి మరీ అన్నెంట.”

“అయితే నన్ను బస్సెక్కించు. ఆ మేడాన్ని సూసొస్తా. నా పంచెను ఇంతవరకు ఎవరూ బుగ్గకు ఆనించుకోలేదు.”

లోపల ఇంటివాళ్లు నవ్వారు. రాబియా కూడా నవ్వింది. తర్వాత, అదే గుర్తున్న ఇంకో పంచె ఒక్క దినానికి కావాలంది. ఈరప్ప లోపలికి కేకేసి దండెం మీది పంచె తెప్పించాడు. రాబియా మూల విప్పి చూసింది. అంచు పక్కన వడ్లగింజంత జాగాలో మూడు చుక్కలు, కింద ఒక గీత. నలుపు తిరిగిన గోధుమ రంగు.

ఆ గుర్తు వెంకటక్కది. నలభై ఏళ్లు ఆ వీధి బట్టలు ఉతికింది. ఇప్పుడు ఆమె కొడుకు ఇస్త్రీ బండి నడుపుతాడు. రాబియా పంచె తీసుకుని ఆమె దగ్గరికి కూడా పోయింది. వెంకటక్క చూపు ఆనకపోవడంతో వేలితో తడిమింది.

“మూడు సుక్కలు ఒక గీత ఈరప్పయ్యది. గీత లేకుంటే వాళ్ల తమ్మునిది. నల్లజీడి గింజకు సూది గుచ్చి పెట్టి, పైన సున్నం అద్దినా. సోడా ఏసి ఉడకబెట్టినా పోదు.”

“వాళ్లు నమ్ముతారా అక్కా?”

“నమ్మకపోతే ఉతకమను.”

*

సోమవారం రాబియా ఎనిమిదిన్నర బస్సుకు హిందూపురం బయల్దేరింది. అక్బర్ తనూ వస్తానన్నాడు.

“నువ్వొస్తే రాజీనామాకు ఒప్పుకోని వస్తావు. ఇంట్లో ఉండి గుడ్డలు ఆరెయ్,” అంది.

ఫ్యాక్టరీ ఆఫీసులో నరేష్ ఆమెను కూర్చోమన్నాడు. ముప్పై ఏళ్లవాడు. మాట మెత్తన. జుబ్బా ఒక ప్లాస్టిక్ కవరులో ఉంది. కవరుకు ఒక చీటీ పిన్ను చేసి ఉంది. మాధవీలత లోపలి నుంచి వచ్చింది. యాభై దాటిన మనిషి. మెడలో దారాలు కత్తిరించే చిన్న కత్తెర వేలాడుతోంది.

“కూర్చోండమ్మా. బిడ్డ బాగుందా?” అంది.

“బాగుండాది మేడం. రేపు ఏడో దినం. దాని బట్ట మీ దగ్గరుండాది.”

నరేష్ ఏదో చెప్పబోయాడు. మాధవీలత చేయి అడ్డం పెట్టి కవరు తన వైపు లాక్కుంది. “నేను ఇరవై ఆరేళ్లుగా గుడ్డలు చూస్తున్నానమ్మా. ఈ మెత్తదనం బజారు గుడ్డకు రాదు. కుట్లు అంగుళానికి పన్నెండు. ఒక్కటీ తప్పలేదు. కాలి మిషన్ మీద ఇలా రాదు. కుట్టు మడతలు కూడా బయటికి తిప్పి ఉన్నాయి. మా బయ్యర్ డిజైన్ అదే.”

“మీరు సూసింది నిజమే మేడం. గుడ్డ మెత్తగుండాది. ఇరవై ఏండ్లు ఉతికిన పంచె అది. కుట్టు మడత బయటికి తిప్పేది మా కోడలు ఈడనే నేర్సుకునింది. బిడ్డకు ఒత్తుకోదని సెప్పింది, నాకూ నచ్చింది. ఆరేండ్లు మీ సేతి కింద సేసింది. కుట్టు తప్పకుండా మీరే నేర్పింటారు.”

మాధవీలత కవరులోని జుబ్బాను తిప్పి చూసింది.

“యెనక మెడ పట్టీ ఇప్పండి. నాలుగు కుట్లు సాలు.”

“అది సాక్ష్యమమ్మా. ముట్టుకోకూడదు,” అన్నాడు నరేష్.

“నేను ముట్టుకోను సార్. మేడం ఇప్పితే సూస్తా.”

మాధవీలత కవరు చించింది. జుబ్బా తిరగేసి, వెనక మెడ పట్టీ మీద కత్తెర మొన పెట్టింది. ఒక కుట్టు తెంచే ముందు రాబియా వైపు చూసింది. రాబియా తల ఊపింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పట్టీని గోటితో ఎత్తింది. లోపలి మడతలో మూడు చుక్కలు, కింద ఒక గీత.

రాబియా సంచిలోంచి ఈరప్ప పంచె తీసి మూల విప్పి టేబుల్ మీద పరిచింది. మూడు చుక్కలు, కింద ఒక గీత.

నరేష్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మాధవీలత నోట వేలు తడుపుకుని జుబ్బాలోని గుర్తు మీద రుద్దింది. వేలికి ఏమీ అంటలేదు. సొరుగులోంచి దారాలు లెక్కపెట్టే భూతద్దం తీసింది. బయ్యర్ గుడ్డ ముక్క ఒకటి తెప్పించింది. మొదట దాని మీద భూతద్దం పెట్టి చూసింది. తర్వాత జుబ్బా మీద, తర్వాత పంచె మీద. మూడు నిమిషాలు పట్టింది. గోడ అవతల మిషన్లు నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“మన గుడ్డ కాదు,” అంది. “మంగళవారం నేను భూతద్దం పెట్టి చూడలేదు. చేత్తో చూసి చెప్పేశాను.”

“పర్వాలేదు మేడం, మనం ఫైల్ క్లోజ్ చేసేద్దాం,” అన్నాడు నరేష్.

“ఫైల్లో నా మాట ఉంది కదా. కాగితం ఇవ్వండి.”

ఆమె తెల్ల కాగితం తీసుకుని తన చేత్తో రాసింది. మంగళవారం తను చేసిన నిర్ధారణ పొరపాటని, జుబ్బా సల్మా సొంతదని, గుడ్డ పాత పంచె అని. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, నరేష్ ముందు పెట్టింది. నరేష్ రెండుసార్లు చదివాడు. సొరుగులోంచి సల్మా సెలవు కాగితం తీశాడు.

ఈలోగా రాబియా సంచిలోంచి సూది తీసింది. దారం ఎక్కించడానికి కిటికీ వైపు తిరిగింది. విప్పిన చోట పట్టీ మూసి నాలుగు కుట్లు వేసింది. దారం పళ్లతో కొరికి జుబ్బా మాధవీలత చేతికి ఇచ్చింది. మాధవీలత భూతద్దం మళ్లీ పెట్టింది. పట్టీ ఒక కొస నుంచి ఇంకో కొసకు జరిపింది. వెనక్కి జరిపింది.

“కొత్త కుట్లు ఏవి?” అంది.

“మీరే సెప్పండి మేడం.”

మాధవీలత చెప్పలేకపోయింది. మొదటిసారి నవ్వింది.

నరేష్ పక్క గదిలోంచి రంగుకాగితం చుట్టిన ఒక డబ్బా తెచ్చాడు. అందులో ఆరు జతల పసిబట్టలు ఉన్నాయి. “మేనేజ్‌మెంట్ తరఫున, బిడ్డకు,” అన్నాడు.

రాబియా మూత తీసింది. పైన ఉన్న చొక్కా తిరగేసి లోపలి కుట్టు చూసింది. “మా సల్మా లైన్‌దా?”

“అవును,” అంది మాధవీలత.

“బాగుండాది.” చొక్కాను మడత పోకుండా మళ్లీ డబ్బాలో పెట్టి మూత వేసింది. “ఇప్పుడు వద్దు సార్. ఆరు నెలలకు సల్మా డ్యూటీకొస్తాది. అప్పుడు దాని సేతికే ఇయ్యండి, ఎనభై మంది సూస్తాంటే. ఇప్పటికి ఆ సెలవు కాయితం మీద సంతకం పెట్టండి. బిడ్డకు కావాల్సింది అదే.”

నరేష్ సంతకం పెట్టాడు. రాబియా తన సంచిలోంచి నాలుగు మడతల రాజీనామా కాగితం తీసి, ఆ టేబుల్ మీదే పెట్టింది.

“జుబ్బాకు గేట్ పాస్ రాసియ్యండి సార్. లేకపోతే నన్నూ పట్టుకుంటారు.”

గేటు దగ్గర ప్రమీలమ్మ గేట్ పాస్ చదివింది. నియమం ప్రకారం సంచి తీసి చూసింది. జుబ్బా బయటికి తీసింది. ఈసారి రెండు చేతులతో పట్టుకుంది.

“నాకు సెప్పింది నేను సేసినా అక్కా,” అంది.

“సేసినావు.”

ప్రమీలమ్మ జుబ్బాను తిరిగి సంచిలో పెట్టలేదు. వెనక మెడ పట్టీ మీద బొటనవేలు పోనిచ్చింది. “ఈ పంచె ఎవురిది?”

“మా ఊర్లో ఈరప్ప తాతది. తొంభై ఆరేండ్లు.”

“ముక్క ఏమన్నా మిగిలిందా?”

రాబియా ఆమె ముఖం చూసింది. “ఎవురికి?”

“మా కూతురికి. ఎనిమిదో నెల.” ఆమె గొంతు తగ్గించింది. “రెండు పోయినాయి.”

పెనుకొండ బస్సు వచ్చి ఆగింది. రాబియా జుబ్బాను సంచిలో పెట్టుకుని ఎక్కింది.

*

మంగళవారం, ఏడో దినం, ఉదయం పదింటికి బిడ్డకు తల వెంట్రుకలు తీశారు. మెహరున్ అని పేరు పెట్టారు. రఫీక్ టవళ్లు, దోమతెర, రబ్బరు గుడ్డ, ఉగ్గుగిన్నె తెచ్చాడు. ఈరప్ప అక్బర్ ఆటోలో ముందు సీట్లో కూర్చుని వచ్చాడు. సల్మా జుబ్బా తొడిగింది. చేతులు పొడుగయ్యాయి. రెండు మడతలు పైకి మడిచింది.

“నాకంటే దీనికే బాగుండాది,” అన్నాడు ఈరప్ప.

మధ్యాహ్నం అందరూ పోయాక రాబియా గేటు దగ్గరి మాట కోడలికి చెప్పింది. సల్మా బిడ్డను భుజం మీద వేసుకుని వీపు తడుతోంది. చాలాసేపు తట్టింది.

“ఎత్తి సూపిచ్చింది అత్తా. అందరికీ కనపడేటట్ల,” అంది.

“ఊ.”

“పంచెలో ముక్క ఎంతుండాది?”

“మూరన్నర.”

బిడ్డ తేన్చింది. సల్మా ఆమెను పడుకోబెట్టి, దోమతెర నాలుగు మూలలూ సరిచేసింది.

“కత్తిరించు. దారాలు నేను కుడతా.”

రాబియా ఆ సాయంత్రం కత్తిరించింది. మిషన్ కుట్టు బుధ, గురువారాల్లో అయింది. దారాలు సల్మా శుక్రవారం కుట్టింది. శనివారం అక్బర్ అటక మీది ఊయల దించి కడిగి ఎండబెట్టాడు.

తర్వాతి సోమవారం ఉదయం ఎనిమిది ఐదుకు ఫ్యాక్టరీ గేటు దగ్గర భాను తన సంచిలోంచి ఒక పేపరు పొట్లం తీసి, పెనుకొండ నుంచి పంపారని చెప్పి ప్రమీలమ్మకు ఇచ్చింది. ప్రమీలమ్మ పొట్లం కొస తెరిచి చూసి, మూసింది. లోపలికి వచ్చే వస్తువుల రిజిస్టర్ తెరిచింది. జుబ్బా అని రాయలేదు. వస్తువు అన్న చోట ‘పాత గుడ్డ – ఒకటి’ అని రాసి, పక్కన సంతకం పెట్టింది.